సైకాలజీలో రీసెర్చ్ మెథడ్స్: బట్టీ పట్టకుండా చదివే పద్ధతి

సైకాలజీ తీసుకునేవాళ్లలో చాలామంది కలల గురించో, వ్యక్తిత్వాల గురించో, మనుషులు ఎందుకలా ప్రవర్తిస్తారో తెలుసుకుందామనో వస్తారు. వచ్చీ రాగానే రీసెర్చ్ మెథడ్స్ పేపరు ఎదురవుతుంది. స్వతంత్ర చరం, పరతంత్ర చరం, విశ్వసనీయత, సప్రమాణత, ప్రతిచయనం... అన్నీ నిర్వచనాలే. బట్టీ పడతారు, పరీక్ష రాస్తారు, నెల తిరిగేసరికి మర్చిపోతారు. డిసర్టేషన్ దగ్గరికి వచ్చేసరికి మళ్లీ టెన్షన్.

ఇందులో విద్యార్థి తప్పేం లేదు. చాలా పుస్తకాలు జవాబులు వరసగా చెప్పుకుపోతాయి, అవి ఏ ప్రశ్నలకు జవాబులో చెప్పవు. ఈ సబ్జెక్టులో దాదాపు ప్రతి పదం వెనకా ఒక అనుమానం ఉంది. "ఈ ఫలితానికి వేరే కారణం ఉండొచ్చు కదా?" అని ఎవరో అడిగారు. ఆ దారి మూసేయడానికి ఇంకెవరో ఒక పద్ధతి కనిపెట్టారు, దానికో పేరు పెట్టారు. అనుమానం తెలిస్తే పేరు దానంతటదే గుర్తుంటుంది. అందుకే కింద చెప్పిన మెట్లన్నీ ఆ ఒక్క ప్రశ్న పట్టుకునే నడుస్తాయి.

1. ఒక మామూలు మాట తీసుకుని విడదీయండి

పుస్తకం తెరవకముందే ఈ పని చేయొచ్చు. "పక్కన ఫోన్ ఉంటే చదువు మీద ధ్యాస నిలవదు" అనే మాట తీసుకుందాం. దీన్ని పరీక్షించాలంటే మొదటి చిక్కు ఏమిటంటే, ఇందులో ఏ పదానికీ కచ్చితమైన అర్థం లేదు. పక్కన ఫోన్ అంటే మోగుతున్న ఫోనా, సైలెంట్‌లో బోర్లా పెట్టిన ఫోనా, సంచిలో ఉన్నదా? ధ్యాస అంటే చదివినదాంట్లో ఎంత గుర్తుంది అనా, ఒక పేజీకి ఎంతసేపు పట్టింది అనా, "నాకు ధ్యాస కుదరలేదు" అని ఆ మనిషే ఇచ్చుకున్న మార్కా? ఏది ఎంచుకుంటే దానికి తగ్గట్టు ప్రయోగమే మారిపోతుంది. ఒక భావాన్ని ఇలా కొలవగలిగే పనిగా మార్చి రాసుకోవడాన్నే ఆపరేషనల్ డెఫినిషన్ అంటారు. మనం మార్చేది స్వతంత్ర చరం, అంటే ఇక్కడ ఫోన్ ఉన్న చోటు. దాన్నిబట్టి మారుతుందని అనుకుంటున్నది పరతంత్ర చరం, అంటే గుర్తున్న వాక్యాల సంఖ్య.

కొలత దొరికాక రెండు అనుమానాలు రావాలి. ఇదే మనిషిని వచ్చే వారం కొలిస్తే దాదాపు ఇదే అంకె వస్తుందా? ఇది విశ్వసనీయత. నేను కొలుస్తున్నాననుకున్నదాన్నే నిజంగా కొలుస్తున్నానా? ఇది సప్రమాణత. రెండూ వేర్వేరని గుర్తుండాలంటే ఇలా ఆలోచించండి: ఒకడి తల చుట్టుకొలతను టేపుతో పదిసార్లు తీసినా ఒకే అంకె వస్తుంది. ఆ అంకెను అతని తెలివికి కొలమానమంటే మాత్రం ఎవరూ ఒప్పుకోరు. విశ్వసనీయత నిండుగా ఉంది, సప్రమాణత మాత్రం లేనట్టే. ప్రశ్నావళులతో పనిచేసేవాళ్లు క్రోన్‌బాక్ ఆల్ఫా 0.85 వచ్చిందని మురిసిపోవడం చాలా డిసర్టేషన్లలో కనిపిస్తుంది. ఆల్ఫా చెప్పేది ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంత పొందికగా ఉన్నాయో మాత్రమే. అవి దేన్ని కొలుస్తున్నాయో అది చెప్పదు.

ఇలాంటి మాటలు మరో నాలుగైదు తీసుకుని, ఒక్కోదానికి కనీసం మూడేసి ఆపరేషనల్ డెఫినిషన్లు రాయండి. మొదటిది సులువుగా వస్తుంది. మూడోదానికొచ్చేసరికి అసలు ఆలోచన మొదలవుతుంది.

2. పోటీ వివరణలు వెతకండి

ఈ సబ్జెక్టుకు గుండెకాయ ఇదే. ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి.

ఒక సర్వేలో, ఫోన్ పక్కన పెట్టుకుని చదివేవాళ్లకు మార్కులు తక్కువ వచ్చాయని తేలిందనుకుందాం. ఫోనే కారణమా? చదువు మీద ముందే ఆసక్తి పోయినవాళ్లు ఫోన్ దగ్గర పెట్టుకుంటూ ఉండొచ్చు. అంటే దిశ తిరగబడింది. నిద్ర చాలనివాళ్లు ఫోనూ ఎక్కువ చూస్తూ, చదువూ తక్కువ సాగిస్తూ ఉండొచ్చు. అప్పుడు రెండింటి వెనకా మూడో కారణం ఉంది. సహసంబంధం కార్యకారణం కాదు అనే మాట అందరికీ వచ్చు. పరీక్షలో మార్కులు తెచ్చేది మాత్రం, ఆ మూడో కారణం ఏదై ఉండొచ్చో పేరుపెట్టి చెప్పగలగడం.

ఈ దారులు మూయడానికే ప్రయోగం. ఎవరు ఫోన్ దగ్గర పెట్టుకోవాలో, ఎవరు పక్క గదిలో వదిలి రావాలో నాణెం ఎగరేసి మనమే నిర్ణయిస్తాం. అప్పుడు ఆసక్తి ఉన్నవాళ్లు, లేనివాళ్లు, నిద్ర చాలినవాళ్లు, చాలనివాళ్లు రెండు గుంపుల్లోనూ సుమారు సమానంగా పడతారు. మనకు పేరు కూడా తెలియని కారణాలు సైతం అలాగే సర్దుకుంటాయి. యాదృచ్ఛిక కేటాయింపులోని గొప్పతనమంతా ఇక్కడే ఉంది. గుంపులు చిన్నవైతే ఈ సర్దుబాటు సరిగ్గా జరగదు, అది వేరే సంగతి.

యాదృచ్ఛిక కేటాయింపునూ యాదృచ్ఛిక ప్రతిచయనాన్నీ కలిపేయడం విద్యార్థులు ఎక్కువగా చేసే పొరపాటు. మొదటిది, వచ్చినవాళ్లను గుంపులుగా పంచడం. దానివల్ల "కారణం ఇదే" అనే మాటకు బలం వస్తుంది. రెండోది, జనాభాలోంచి మనుషుల్ని ఎంచడం. దానివల్ల "ఇది అందరికీ వర్తిస్తుంది" అనే మాటకు బలం వస్తుంది. చాలా ప్రయోగాల్లో మొదటిది ఉంటుంది, రెండోది ఉండదు. హెన్రిక్, హైనే, నోరెన్‌జాయన్ 2010లో ఎత్తిచూపింది ఈ రెండో లోటునే. సైకాలజీ ఫలితాల్లో ఎక్కువ భాగం పాశ్చాత్య, సంపన్న, చదువుకున్న సమాజాల మనుషుల మీద, అందులోనూ కాలేజీ విద్యార్థుల మీద చేసిన పరిశోధనల నుంచి వచ్చాయి. వాటిని మానవజాతి మొత్తానికీ అంటగట్టారు.

ప్రయోగం పెట్టేవాడి వైపు నుంచి కూడా అనుమానం రావాలి. క్లెవర్ హాన్స్ అనే జర్మన్ గుర్రం లెక్కలు చేస్తుందని, జవాబు ఎంతో గిట్టతో కొట్టి చెబుతుందని ఒకప్పుడు పెద్ద పేరు. ఆస్కార్ ఫుంగ్‌స్ట్ దాన్ని పరీక్షించి 1907లో ఫలితాలు ప్రచురించాడు. ప్రశ్న అడిగేవాడికే జవాబు తెలియనప్పుడు గుర్రానికీ తెలియలేదు. సరైన అంకె దగ్గరికి రాగానే అడిగేవాడి తల, ఒళ్లు తనకు తెలియకుండానే కొద్దిగా కదిలేవి. గుర్రం ఆ కదలిక చూసి ఆగేది. మోసం ఎవరూ చేయలేదు. డబుల్ బ్లైండ్ అనే పదం ఎక్కడ కనిపించినా ఈ గుర్రాన్ని తలచుకోండి: ఎవరు ఏ గుంపులో ఉన్నారో పాల్గొనేవాళ్లకూ తెలియకూడదు, కొలిచేవాళ్లకూ తెలియకూడదు.

మిగతా పదాలకూ ఇదే దారి. అందరికీ రెండు పనులూ ఇస్తే, రెండోసారికి అలవాటై బాగా చేశారేమోనన్న అనుమానానికి జవాబు కౌంటర్‌బ్యాలెన్సింగ్, అంటే సగంమందికి ఒక వరసలో, మిగతా సగానికి తిరగేసి ఇవ్వడం. ఏమీ చేయకపోయినా కాలంతో పాటు మెరుగుపడేవారేమోనన్న అనుమానానికి జవాబు కంట్రోల్ గ్రూప్, అంటే పోల్చి చూడటానికి ఏమీ చేయకుండా ఉంచిన గుంపు. నోట్సు పేజీకి మధ్యలో గీత గీసి, ఎడమవైపు అనుమానం, కుడివైపు దాన్ని మూసే పద్ధతి రాసుకుంటూ పోండి. కోర్సు అయ్యేసరికి ఆ పేజీలే మీ అసలు పుస్తకం.

3. ఒక అసలు పేపరు మొత్తం చదవండి

పాఠ్యపుస్తకంలో నాలుగు లైన్ల సారాంశం చదివితే పద్ధతి కనపడదు. మొదటి పేపరుగా ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ 1974లో ప్రచురించినదాన్ని ఎంచుకోమంటాను. చిన్నది, లెక్కలు తేలిక, పైగా పోటీ వివరణను ఎలా ఎదుర్కోవాలో అందులో చక్కగా కనిపిస్తుంది.

మొదటి ప్రయోగంలో 45 మంది విద్యార్థులకు కారు ప్రమాదాల ఫిల్ములు చూపించి, కార్ల వేగం ఎంత ఉంటుందని అడిగారు. ప్రశ్నలో క్రియ ఒక్కటే మార్చారు. కార్లు "బలంగా గుద్దుకున్నప్పుడు" అని అడిగితే సగటున గంటకు 40 మైళ్లు దాటిన అంచనా వచ్చింది. "తాకినప్పుడు" అనే అర్థం వచ్చే క్రియ వాడితే 32 మైళ్ల లోపే.

ఇక్కడ ఆపి, ముందుకు చదవకుండా పోటీ వివరణ ఆలోచించండి. జ్ఞాపకం మారలేదేమో, అంకె సరిగ్గా తెలియక ప్రశ్నలోని క్రియను బట్టి జవాబు ఎక్కువో తక్కువో చెప్పారేమో? లాఫ్టస్‌కూ పామర్‌కూ ఇదే అనుమానం వచ్చింది. అందుకే రెండో ప్రయోగం చేశారు. 150 మందిని 50 చొప్పున మూడు గుంపులు చేశారు. ఒక గుంపును "బలంగా గుద్దుకున్న" క్రియతో, ఒక గుంపును మామూలు "ఢీకొన్న" క్రియతో వేగం అడిగారు. మూడో గుంపును వేగం అడగనే లేదు. వారం తర్వాత పిలిచి, పగిలిన అద్దం చూశారా అని అడిగారు. ఫిల్ములో పగిలిన అద్దం లేదు. మొదటి గుంపులో 16 మంది చూశామన్నారు. రెండో గుంపులో 7, మూడో గుంపులో 6. అంకె చెప్పడంలో మొగ్గు మాత్రమే అయితే, వారం తర్వాత లేని అద్దం ఎందుకు కనిపించినట్టు?

చదివే వరస కూడా ముఖ్యం. సారాంశం చదివాక ఉపోద్ఘాతం వదిలేసి నేరుగా మెథడ్ దగ్గరికి వెళ్లండి. డిజైన్‌ను కాగితం మీద బొమ్మగా గీయండి: ఎన్ని గుంపులు, ఎవరికి ఏమిచ్చారు, ఏం కొలిచారు. ఫలితాలు చూడకముందే పట్టికలో అంకెలు ఎలా ఉంటాయో ఊహించి రాయండి. తర్వాత ఫలితాలు, చివరగా చర్చ. చర్చ చదివేటప్పుడు చేతిలో పెన్సిల్ ఉండాలి. రచయితలు తమ డేటా చెప్పినదానికంటే ఒక అడుగు ముందుకేసేది సాధారణంగా అక్కడే. ఈ పేపరు విషయంలోనూ అడగాల్సింది ఉంది. ఫిల్ము చూసిన విద్యార్థులకూ నిజంగా ప్రమాదం చూసి భయపడిన సాక్షికీ తేడా లేదా?

వారానికో పేపరు ఇలా చదివితే చాలు. ఒక్కోదానికి నాలుగు వాక్యాలు రాసుకోండి: ఏం అడిగారు, ఎలా చేశారు, ఏం తేలింది, ఏ పోటీ వివరణ ఇంకా మిగిలింది. నాలుగోది రాయలేకపోతే పేపరు ఇంకా అర్థం కానట్టే లెక్క.

4. ప్రయోగం కాని పద్ధతులు

అన్ని ప్రశ్నలకూ ప్రయోగం పనికిరాదు. ఎవరినీ యాదృచ్ఛికంగా ఎంచి వాళ్ల బాల్యాన్ని మార్చలేం. 1953లో మూర్ఛకు చేసిన మెదడు ఆపరేషన్ తర్వాత హెన్రీ మొలైసన్ కొత్త జ్ఞాపకాలు నిలుపుకోలేకపోయాడు. దశాబ్దాల పాటు అతనొక్కడి మీద జరిగిన అధ్యయనం జ్ఞాపకశక్తి గురించిన ఆలోచననే మార్చింది. అక్కడ కేస్ స్టడీయే దారి. సర్వే, పరిశీలన, ఇంటర్వ్యూ దేనికవే. పద్ధతి ప్రశ్నను బట్టి రావాలి.

లెక్కలంటే భయపడి క్వాలిటేటివ్ వైపు, అంటే అంకెల బదులు మాటలను విశ్లేషించే పద్ధతుల వైపు వెళ్లేవాళ్లకు ఒక మాట. అది తేలిక దారి కాదు. పది ఇంటర్వ్యూలను అక్షరం పొల్లుపోకుండా రాసి, ఒక్కో ముక్కకు కోడ్లు (చిన్న గుర్తు పేర్లు) వేసి, వాటిలోంచి థీమ్‌లు (పదేపదే కనిపించే విషయాలు) తేల్చడం నెలల పని. "నేను వినాలనుకున్నదే వింటున్నానా?" అనే అనుమానం అక్కడ ఇంకా గట్టిగా ఉండాలి.

5. స్టాటిస్టిక్స్: సూత్రాలు తర్వాత, ఆట ముందు

భయమంతా ఇక్కడే. సూత్రాలు చేతితో చేయడం ఒకటి రెండుసార్లు మంచిదే. తర్వాత జమోవి, జాస్ప్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ వాడండి, వీలైతే ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోండి. ఏ పరీక్ష చేసినా ముందు గ్రాఫ్ గీసి చూడాలి. సగటుతో పాటు చుక్కలు ఎంత చెదిరి ఉన్నాయో కంటికి కనపడాలి.

పీ వాల్యూను చాలామంది తప్పుగా చెబుతారు, చదువు చెప్పేవాళ్లతో సహా. "నా పరికల్పన (పరీక్షించాలనుకున్న ఊహ) తప్పు అయ్యే అవకాశం 5 శాతం" అని దాని అర్థం కాదు. నిజంగా ఏ తేడా లేకపోయినా, ఇంత తేడా గానీ ఇంతకన్నా పెద్దది గానీ యాదృచ్ఛికంగా ఎంత తరచుగా కనపడుతుందో అది చెబుతుంది. ఈ వాక్యాన్ని బట్టీ పట్టొద్దు, చేసి చూడండి. ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచి, రెండు నిలువు వరసల్లో ఇరవయ్యేసి ర్యాండమ్ అంకెలు వేయండి. రెండింటి మధ్య టీ టెస్ట్ (రెండు సగటులను పోల్చి పీ వాల్యూ ఇచ్చే పరీక్ష) పెట్టండి. అంకెలు మళ్లీ మళ్లీ మార్చుతూ చూడండి. ఇక్కడ తేడా ఏమీ లేదని మీకు తెలుసు, అంకెలు వేసింది మీరే. అయినా దాదాపు ప్రతి ఇరవైసార్లకు ఒకసారి పీ వాల్యూ 0.05 కంటే తక్కువ వస్తుంది. టైప్ 1 పొరపాటు, అంటే లేని తేడాను ఉందనుకోవడం, ఏమిటో అరగంటలో ఒంటికి పడుతుంది.

ఇప్పుడు అదే ఆటలో చిన్న మోసం చేయండి. ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు కొలతలు తీసి, మూడింట్లో దేనికి పీ వాల్యూ 0.05 లోపు వచ్చినా నెగ్గినట్టే అనుకోండి. 5 శాతం కాస్తా 14 శాతం దాటుతుంది. దీనికి పీ హ్యాకింగ్ అని పేరు. సిమన్స్, నెల్సన్, సైమన్‌సన్ 2011లో ఇలాంటి వెసులుబాట్లు వాడి, ఒక పాట విన్నవాళ్ల వయసే ఏడాదిన్నర దాకా తగ్గిందని "నిరూపించి" చూపారు. పాట వింటే మూడ్ మారడం కాదు, పుట్టిన తేదీని బట్టి లెక్కేసిన వయసే తగ్గడం! ఎంత అసంబద్ధమైన ఫలితాన్నైనా మామూలు పద్ధతుల్లోనే రాబట్టొచ్చని చెప్పడమే వాళ్ల ఉద్దేశం.

పీ వాల్యూ పక్కనే ఎఫెక్ట్ సైజు రాయడం అలవాటు చేసుకోండి. తేడా ఉందా అన్నదాంతో పాటు ఎంత ఉందో కూడా తెలియాలి. ఎఫెక్ట్ సైజుకు వాడే ఒక కొలత కోహెన్ డీ. అది 0.2 అయితే చిన్నది, 0.5 మధ్యస్థం, 0.8 పెద్దది అని వాడుక. ఇవి కేవలం అంచనా గుర్తులు. వీటి అసలు ఉపయోగం ఎంతమంది కావాలో లెక్కేసేటప్పుడు తెలుస్తుంది. రెండు గుంపుల ప్రయోగంలో నిజంగా ఉన్న తేడాను 80 శాతం సందర్భాల్లో పట్టుకోవాలంటే, తేడా పెద్దదైతే గుంపుకు 26 మంది చాలు. మధ్యస్థమైతే 64 మంది. చిన్నదైతే సుమారు 394 మంది. గుంపుకు పదిహేను మందితో చేసి "తేడా లేదు" అని తేల్చేస్తే ఆ మాటకు విలువ ఉండదని ఈ అంకెలే చెబుతున్నాయి. జీ పవర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఈ లెక్క మీరే చేసుకోవచ్చు.

6. పాఠ్యపుస్తకాన్నీ అనుమానించండి

2015లో పెద్ద పరిశోధక బృందం ఒకటి, పేరున్న సైకాలజీ పత్రికల్లో వచ్చిన 100 అధ్యయనాలను మళ్లీ చేసి చూసింది. అసలు వాటిలో 97 శాతం సార్థక ఫలితాలు (సాధారణంగా పీ వాల్యూ 0.05 లోపు ఉన్నవి) చూపాయి. మళ్లీ చేస్తే 36 శాతమే చూపాయి. మిగతావన్నీ అబద్ధమని దీని అర్థం కాదు. కానీ ఒక్క అధ్యయనంతో ఏదీ తేలిపోదని మాత్రం గట్టిగా అర్థమైంది. సంకల్పబలం వాడేకొద్దీ తరిగిపోతుందనే ప్రసిద్ధ ఆలోచనను 2016లో 23 ల్యాబులు ఒకే పద్ధతిలో పరీక్షిస్తే, ప్రభావం సున్నాకు దగ్గరగా తేలింది.

అందుకే ఏ ప్రసిద్ధ ప్రయోగం చదివినా, దాని పేరుకు "రెప్లికేషన్" (మళ్లీ చేసి చూడటం) అని కలిపి గూగుల్ స్కాలర్‌లో వెతకండి. ప్రీరిజిస్ట్రేషన్ కూడా ఈ గొడవలోంచే గట్టిపడింది. డేటా తీయకముందే పరికల్పన, కొలతలు, విశ్లేషణ రాసి తేదీతో భద్రపరచడం అన్నమాట. ఓపెన్ సైన్స్ ఫ్రేమ్‌వర్క్ సైట్‌లో ఇలాంటివి ఉచితంగా చదవొచ్చు. ఒక ప్రీరిజిస్ట్రేషన్‌నూ తర్వాత వచ్చిన పేపరునూ పక్కపక్కన పెట్టి, ఏం మారిందో చూడటం చాలా నేర్పుతుంది.

7. చిన్నదైనా ఒక అధ్యయనం మీరే చేయండి

స్ట్రూప్ పరీక్ష దీనికి బాగుంటుంది. 1935 నాటిది. రంగు పేరు ఒకటై, దాన్ని రాసిన సిరా ఇంకో రంగైతే సిరా రంగు చెప్పడం ఆలస్యమవుతుంది. ఈ ప్రభావం పెద్దది, తక్కువమందితోనే కనపడుతుంది. ఒక కార్డు మీద రంగుల పేర్లు అదే రంగు సిరాతో రాయండి, మరో కార్డు మీద వేరే రంగు సిరాతో. సిరా రంగు చెప్పడానికి ఎంతసేపు పడుతుందో కొలవండి.

మొదలుపెట్టేముందు ఒక పేజీ రాయండి. ఎంతమంది, ఏ కొలత, ఏ విశ్లేషణ, ఎవరి డేటా తీసేస్తారు. రంగులు గుర్తించలేనివాళ్ల డేటా వాడకూడదని డేటా చూశాక నిర్ణయిస్తే అది పీ హ్యాకింగే, ముందే రాస్తే నియమం. సగంమందికి మొదటి కార్డు ముందు, మిగతా సగంమందికి రెండోది ముందు ఇవ్వండి. తప్పులు కూడా లెక్కపెట్టండి, వేగం కోసం తప్పులు చేసేవాళ్లుంటారు. ఒకే మనిషికి రెండు అంకెలు వస్తాయి కాబట్టి జతలుగా ఉన్న అంకెలను పోల్చే పెయిర్డ్ టీ టెస్ట్ వాడండి.

నీతి నియమాల పాఠం ఇక్కడ ప్రాణం పోసుకుంటుంది. మిల్‌గ్రామ్ 1963లో ప్రచురించిన ప్రయోగంలో, అధికారి ఆజ్ఞకు లోబడి ఇంకొకరికి విద్యుత్ షాకులు ఇస్తారా అని చూశారు. 40 మందిలో 26 మంది 450 వోల్టుల మీట దాకా వెళ్లారు. షాకులు నకిలీవని వాళ్లకు తెలియదు. వాళ్లు పడిన క్షోభ మీద చర్చ ఇప్పటికీ ఆగలేదు. మీ స్ట్రూప్ కార్డుల్లో అంత ప్రమాదం లేకపోయినా, ఏం చేయబోతున్నారో ముందే చెప్పండి, ఎప్పుడైనా మానేయొచ్చనండి, పేర్ల బదులు నంబర్లు వాడండి, అయ్యాక ఉద్దేశం వివరించండి. కాలేజీ తరఫున చేస్తుంటే గైడ్ అనుమతి, ఎథిక్స్ కమిటీ అనుమతి అవసరమేమో ముందే కనుక్కోండి. డేటా తీశాక అడిగితే అది పనికిరాకుండా పోవచ్చు.

రిపోర్టులో మెథడ్ భాగాన్ని ముందు రాయండి. రాసినదాన్ని ఈ విషయం తెలియని స్నేహితుడి చేతిలో పెట్టి, మీరు నోరు మెదపకుండా, అది చూసి ప్రయోగం నడపమనండి. ఎక్కడ ఆగి మీ వైపు చూస్తాడో అక్కడ ఒక వాక్యం తక్కువైనట్టు.

పరీక్షకు ముందు

నోట్సు మళ్లీ మళ్లీ చదవడం కంటే, మూసేసి గుర్తుచేసుకుని రాయడం మేలు. రోడిగర్, కార్పికీ 2006లో చూపినది ఇదే. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే తిరిగి చదివినవాళ్లది పైచేయి, వారం తర్వాత పెడితే గుర్తుచేసుకుంటూ సాధన చేసినవాళ్లది. ఎడమవైపు అనుమానాలు రాసుకున్న పేజీలు ఇందుకు పనికొస్తాయి: కుడివైపు సగం మూసి, ఒక్కో అనుమానానికి పద్ధతి పేరు, ఒక సొంత ఉదాహరణ రాయండి. "ఈ అధ్యయనాన్ని విమర్శించండి" అనే ప్రశ్న వస్తే శాంపిల్ చిన్నది అని రాసి ఆగిపోకండి. అది ప్రతి అధ్యయనానికీ అనొచ్చు, కాబట్టి పరీక్షకుడికి కొత్తగా ఏమీ చెప్పదు. ఈ ఫలితానికి మిగిలిన పోటీ వివరణ ఏదో చెప్పి, దాన్ని మూయడానికి ఇంకో గుంపు పెట్టాలో, ఇంకో కొలత తీయాలో రెండు వాక్యాల్లో రాయండి.